లెక్కకు మిగిలిన రెండు వందల రేకులు

ఆ రోజు మేము కుట్టుమిషన్ని కరిగించి నీళ్ళ పంపు చేశాం.

ఎవరూ నమ్మరని తెలుసు. కళ్ళారా చూసిన నేనే రెండు నిమిషాలు నమ్మలేదు. కాకినాడలో మా పరిశోధనశాల ఉన్నది మూతపడిన ఐస్ ఫ్యాక్టరీ షెడ్డులో. షెడ్డు మధ్యలో మనిషి పడుకునేంత ఉక్కు తొట్టి ఒకటి ఉంది. ఇమ్మానుయేలు గారు వాళ్ళావిడ కుట్టుమిషన్ని, ఆవిడకి చెప్పకుండా పట్టుకొచ్చి, అందులో పెట్టి మూత వేశారు. పదకొండు నిమిషాలకు మూత తీస్తే మిషను లేదు. అడుగున చపాతీ పిండిలా బూడిదరంగు ముద్ద ఉంది. ముద్ద ఏయే వస్తువుగా మారొచ్చో రాసిన పట్టికలో ఆయన ‘నీళ్ళ పంపు, చిన్నది’ అన్న చోట వేలు పెట్టారు. ముద్ద కదిలింది, పొంగింది, అంచులు తేరింది. ఇంకో పదకొండు నిమిషాలకు పంపు సిద్ధం. బకెట్లో పెట్టి స్విచ్ వేస్తే నీళ్ళు నేరుగా నా చీర మీద పడ్డాయి. నేను ఎగిరి గంతేశాను. నాకప్పటికి నలభై ఆరేళ్ళు.

“హైమవతి గారూ, మీ సూత్రం నిజమైపోయిందండీ!” అని అరిచారాయన.

ఆయన లోహాల శాస్త్రవేత్త. ముద్ద ఆయనది, పన్నెండేళ్ళ కష్టం. సూత్రం నాది. అంటే నేను కనిపెట్టిందని కాదు, కాలేజీలో ఆర్థికశాస్త్రం చెబుతూ నేను దాని మీద బతికానని. సమష్టి ఉత్పత్తి ఫలం అని దానికి పెద్ద పేరు. విషయం చిన్నదే. ఒక దేశంలో ఉన్న పనిముట్లన్నీ కలిపి ఒక అంకె, పనిచేసే చేతులన్నీ కలిపి ఒక అంకె. ఆ రెండూ సూత్రంలో వేస్తే ఆ దేశం ఎంత ఉత్పత్తి చేస్తుందో వచ్చేస్తుంది. బీఏ రెండో సంవత్సరంలో నేను లేచి, “సార్, పడవనీ మగ్గాన్నీ ఎలా కూడతారు?” అని అడిగాను. మాస్టారు సుద్దముక్క దించి, “అవన్నీ ఒకే ముద్ద అనుకో అమ్మా” అన్నారు. క్లాసంతా నవ్వింది. నేను కూర్చున్నాను గాని, ఆ ‘అనుకో’ నాకు ఏనాడూ మింగుడుపడలేదు. నా విద్యార్థులకీ ఇరవై ఏళ్ళు అదే మాట చెప్పాను. ఇప్పుడిక ఎవరూ ఏమీ అనుకోనక్కర్లేదు. ముద్ద నా ఎదురుగా ఉంది!

సూత్రానికి ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఎక్కడ వేసి చూసినా లెక్కలో వచ్చేదానికంటే అసలు ఉత్పత్తి ఎక్కువగా ఉంటుంది. పనిముట్లు ఇన్ని, చేతులు ఇన్ని, అయినా ఇంకా ఏదో మిగులుతుంది. మావాళ్ళు దానికి సాంకేతిక ప్రగతి అని పేరు పెట్టి పరువు కాపాడుకున్నారు. నిజానికి దాని పేరు ‘మాకు తెలీదు’. పనిముట్లన్నీ ఒకే ముద్ద అయితే ఆ తెలియనిది సున్నా అవుతుందని నేను లెక్కగట్టాను. దాన్ని సున్నా చేసిన మనిషిని నేనే కావాలనుకున్నాను. ఇందులో దాపరికం ఏమీ లేదు.

ప్రయోగానికి ఒక ఊరు కావాలి. నేను గట్టుపాలెం అన్నాను.

గోదావరి గట్టు కింద అరవై రెండు గడపల ఊరు, నేను పుట్టిందక్కడే. ప్రతి ఇంట్లోనూ పూతరేకులు తీస్తారు. పథకం మీకు చెబుతుంటే ఇప్పటికీ నాకు ఉత్సాహం ఆగదు. ఊరి పనిముట్లన్నీ ముద్ద చేస్తాం. ఒకసారి ముద్దయ్యాక తొట్టి అక్కర్లేదు, ఉన్నచోటే ఆకారం మారుతుంది. పొద్దున్న ఆ ముద్ద ఇంటింటా రేకుల కుండ. మధ్యాహ్నం మూడింటికి అదే ముద్ద చేలో పంపు. నదికి నీరెక్కువైతే అదే పడవ. ఒక్క పనిముట్టూ ఒక్క గంట కూడా ఖాళీగా ఉండదు!

ప్రభుత్వానికిచ్చిన నిబంధనలు నేనే రాశాను. ప్రయోగం తొంభై రోజులు. ఆ తొంభైలో ఏ ఒక్క రోజు మిగులు సున్నా వచ్చినా చాలు, జిల్లాలో మరో నాలుగు వందల ఊళ్ళకు తొట్లు బయల్దేరతాయి. యజమాని ఇష్టపడి ఇచ్చిన వస్తువునే కరిగించాలని కూడా రాశాను, అది మర్యాద కోసం. పట్టికా నేనే రాశాను. అందులో కుండకి ఒకటే వరస: రోజుకు మూడు వందల రేకులు. కొత్త కుండ విలువ ఒకటి, ఏటేటా తరుగు, నాలుగేళ్ళు దాటితే సున్నా.

“సున్నానా?” అంది మా అక్క పుణ్యవతి.

అక్క పొయ్యి ముందు కూర్చుని ఉంది. బోర్లించిన కుండ, కింద కొబ్బరాకు మంట. పల్చటి గుడ్డని బియ్యప్పిండి పాలలో ముంచి, రెండు చేతులా చాచి, కుండ మీద ఒక్క లాగు లాగింది. గుడ్డ దాటిపోయేసరికి పొర మిగిలింది. అంచు చిటపటలాడుతూ లేచింది. రెండు వేళ్ళతో ఎత్తి పక్కన పెట్టింది. ఇదంతా నావైపు చూస్తూనే చేసింది.

“లెక్క ప్రకారం అక్కా. దీనికి తొమ్మిదేళ్ళు కదా.”

“తొమ్మిదేళ్ళయింది కాబట్టేనే ఇది కుండ. కొత్తదాన్ని కొన్నరోజు రేకు ఊడొస్తుందనుకున్నావా? నూనె రాసి, కాల్చి, తుడిచి, మళ్ళీ రాసి, పసిపిల్లని సాకినట్టు సాకాలి. సగం కుండలు ఆ సాకుళ్ళలోనే పగిలిపోతాయి. దీని ముందు కుండ మీద నువ్వు చదువుకున్నావు, గుర్తుందా? అది పోయిన్నాడు నేను అన్నం తిన్లేదు.”

“ముద్ద కుండ పగలదక్కా. సాకక్కర్లేదు. మొదటి రోజే మూడొందలు.”

“నేను అయిదొందలు తీస్తన్నాను గదే.”

“అలవాటైతే అదీ వస్తుంది. ఊరంతా ఇస్తోంది, నువ్వొక్కదానివీ ఇవ్వకపోతే లెక్క ఊరి లెక్క ఎలా అవుతుంది? నా పాతికేళ్ళ కల అక్కా ఇది.”

అక్క ఇంకో రేకు తీసి, నన్ను కాసేపు చూసి నవ్వింది. “సర్లేవే. రేపు లారీ కాడికి కుండ తెస్తాను” అంది.

మా అక్క అంత తేలిగ్గా దేనికీ ఒప్పుకునే మనిషి కాదు. సంతోషంలో నాకది తట్టలేదు.

మర్నాడు తొట్టి లారీ మీద వచ్చింది. ఊరు ఊరంతా తరలివచ్చింది. కుండలు, రుబ్బుడు మిషన్లు, ఆయిలింజన్లు, ముక్కలుగా కోసిన ఒక పాత పడవ, ఆఖరికి ఎవరిదో సైకిలు కూడా. తొట్టెడు తొట్టెడు కరుగుతుంటే ఈలలు, చప్పట్లు. అక్క కూడా బట్ట కప్పిన కుండ తెచ్చి, ఎవరి చేతికీ ఇవ్వకుండా తానే తొట్టిలో దించింది. ఇమ్మానుయేలు గారు పట్టికలో కుండ అని గీత పెట్టుకున్నారు.

మొదటి రోజు ముద్ద కుండలు చక్కగా పనిచేశాయి. పని రాని కొత్త కోడళ్ళు కూడా మూడు వందలు తీశారు. వాళ్ళ ముఖాలు వెలిగిపోయాయి, నిజం చెప్పాలి. మూడింటికి అవే కుండలు పంపులై వరి చేలలో నీళ్ళు చిమ్ముతుంటే మగవాళ్ళు గట్టు మీద నిలబడి కేకలు వేశారు. సాయంత్రం అయిదింటికి రేకులు చుట్టే షెడ్డులో, వందేసి రేకుల కట్టలుగా మొత్తం లెక్కపెట్టాం. సూత్రం చెప్పింది పద్దెనిమిది వేల ఆరు వందలు. వచ్చినవి పద్దెనిమిది వేల ఎనిమిది వందలు.

అంతకుముందు ఈ ఊరు రోజుకు ముప్పై ఒక్క వేలు తీసేది. అంటే మిగులు పన్నెండు వేల నాలుగు వందల నుంచి రెండు వందలకు దిగింది! నేనూ ఇమ్మానుయేలు గారూ చేతులు పట్టుకుని షెడ్డులో గిర్రున తిరిగాం. రేకులు తగ్గిన సంగతి నాకు తెలియకపోలేదు. వ్యాన్లు సగం ఖాళీగా వెళ్ళడం చూశాను. చెయ్యి తిరగాలి, నాలుగు రోజులు పడుతుందిలే అనుకున్నాను. నా కళ్ళు ఆ రెండు వందల మీదే ఉన్నాయి.

రెండో రోజూ రెండు వందలే. మూడో రోజూ, నాలుగో రోజూ అంతే.

“లెక్కలో పొరపాటేనమ్మా” అన్నారాయన.

“పొరపాటైతే రోజుకో రకంగా ఉండాలండీ. ఇది కొలిచి పెట్టినట్టుంది. ఏదో ఉంది!”

నాకు తిండి సహించలేదు. తూకాలు చూశాను, మంట వేడి చూశాను, పిండి చూశాను. ప్రభుత్వం తరఫున ప్రయోగాన్ని చూస్తున్న కమిషనర్ గారు రోజూ ఫోన్ చేసి, “సున్నా ఎప్పుడండీ?” అంటున్నారు. తొమ్మిదో రోజున, ఎవరికైనా మొదటి రోజే తట్టాల్సిన పని నాకు తట్టింది. ఏ ఇంటి కట్టలు ఆ ఇంటి కింద విడిగా లెక్కపెట్టాను. మా శాస్త్రంలో మొత్తాలు చూడటమే గాని విడివిడిగా చూసే అలవాటు లేదు. అరవై ఒక్క ఇళ్ళు, సరిగ్గా మూడేసి కట్టలు. ఒక ఇల్లు అయిదు కట్టలు.

ఆ ఇంటికే బయల్దేరాను. దారిలో రాఘవమ్మ పిన్ని అరుగు మీద ముద్ద కుండ ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఊళ్ళో అక్క తరవాత అంత చెయ్యి తిరిగిన మనిషి.

“ఏం పిన్నీ, ఖాళీగా ఉన్నావు?”

“మూడొందలూ అయిపోయినియ్యమ్మాయ్. ఇంకోటి తీద్దావంటే ఇది తియ్యనివ్వదు. ఎంత తొందరపడినా దాని టైం అయ్యేదాకా రేకు లేవదు. మా పాత కుండకి ఎడం పక్క వేడెక్కువ. నా చెయ్యి అటెళ్ళేసరికి రేకు లేచి కూకునేది, నేను కుడి పక్కకి తడి లాగేసేదాన్ని. దీనికి అన్ని పక్కలా ఒకటే. నా చెయ్యి ఎందుకు పరిగెడతందో దీనికి తెలీదు.” ఆమె చేతులు చూసుకుంది. “ఆ కుండ ఇంకోపాలి సేయించలేవా మీ పెట్టెతోటి?”

పట్టికలో ఎడం పక్క అన్న మాటే లేదు. నేను ముందుకు నడిచాను. అరవై రెండు కుండలకి అరవై రెండు ఎడం పక్కలుంటాయని ఆ కుండల మధ్య పుట్టిన నాకు తెలియకపోవడం ఏమిటి? ఆ పన్నెండు వేల నాలుగు వందలూ ఎక్కడుండేవో ఇప్పుడు తెలిసింది. తెలిసేసరికి వాటిని కరిగించేశాను. సూత్రం ఊరికి సరిపోయిందని గంతులు వేశాను గాని, సూత్రానికి సరిపోయేదాకా ఊరినే కుదించానని గమనించలేదు.

అక్క ఇంటి ముందు ముద్ద కుండ చల్లగా ఉంది. పెరట్లో కొబ్బరాకు కాలుతున్న వాసన. కట్టెల కొట్టం తలుపు తోశాను. లోపల అక్క, అక్క ముందు అదే కుండ, నల్లగా, నిగనిగలాడుతూ.

“వచ్చావా? తొమ్మిది రోజులు పట్టిందేంటే నీకు?” అంది అక్క, గుడ్డ లాగుతూ.

“మరి తొట్టిలో వేసింది?”

“కోళ్ళ గంప మీద బోర్లించింది, పగుళ్ళది. మీ కాయితంలో కుండంటే కుండేగా. ఏ కుండో సూసుకున్నవాడెవడు?”

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ ఒకేసారి వచ్చాయి. అక్కని పట్టుకుని, “చాలా మంచి పని చేశావే అక్కా, చాలా మంచి పని చేశావు” అన్నాను. అక్క మోచేత్తో నెట్టి, “రేకు మాడతంది, జరుగు” అంది.

కొట్టంలోంచే కమిషనర్ గారికి ఫోన్ చేశాను. రెండు వందలు ఎక్కడున్నాయో దొరికిందని, దాన్ని కరిగించనని చెప్పాను. ప్రయోగం ఆపేయమన్నాను.

“నిబంధనల్లో మధ్యలో ఆపడం లేదండీ, తొంభై రోజులు. ఏ ఒక్క రోజైనా సున్నా వస్తే తొట్లు కదులుతాయి. రాసింది మీరే” అన్నారాయన. కోపంగా కాదు, గుర్తుచేస్తున్నట్టు.

“యజమాని ఇష్టపడితేనే కరిగించాలనీ నేనే రాశాను సార్. మా అక్క ఇష్టపడటంలేదు.”

“మట్టి కుండ కదా. చూద్దాం” అని ఫోన్ పెట్టేశారాయన.

ఇమ్మానుయేలు గారికి చెప్పడం అంతకంటే కష్టమైంది. ఆయన లారీ మెట్టు మీద కూలబడ్డారు. “నా ముద్దలో లోపం లేదమ్మా” అన్నారు. ఆయన గొంతు విని నాకు జాలేసింది.

“లేదండీ. పంపులు చూడండి, ఎంత బాగా తిరుగుతున్నాయో. లోపం పట్టికలో ఉంది. ఊళ్ళో పుట్టి కూడా కుండకి ఒకటే వరస రాసింది నేను.”

“నాలుగు వందల ఊళ్ళంటే...” అని ఆగిపోయారాయన. “ఎన్ని రకాల కుండలో, ఎన్ని మగ్గాలో.” మర్నాటి నుంచి సాయంత్రం లెక్కకి ఆయనే ముందొచ్చి కూర్చునేవారు. రెండు వందలు మిగిలాయని తేలగానే ఊపిరి వదిలేవారు.

అలా మొదలైంది మా యుద్ధం. మట్టి కుండ ఒక్కటి, తొట్లు నాలుగు వందలు. ఎండలు ముదురుతుంటే ఆ కుండ ఏ రోజు పగులుతుందోనని ప్రాణం గుప్పిట్లో పెట్టుకున్నాం. రాఘవమ్మ పిన్నితో కలిపి పదకొండు మంది ఏటి అవతలి కుమ్మరి దగ్గరికెళ్ళి కొత్త కుండలు తెచ్చుకున్నారు. అక్క అందరి ఇళ్ళకూ తిరిగి మంట ఎంతుండాలో, నూనె ఎప్పుడు రాయాలో చూపించింది. ఏడు కుండలు సాకుళ్ళలోనే పగిలాయి. మిగిలిన వాటిలో ఒకటి రేకుని అతికించుకుంటుంది, ఇంకోటి సగం రేకే వదులుతుంది. రాఘవమ్మ పిన్ని పట్టు వదల్లేదు. మట్టి కుండ మీద నూరో నూటేభయ్యో తీసి, తక్కినవి ముద్ద కుండ మీద తీసి రోజూ మూడు వందలు పూర్తిచేసేది. నేను గుడ్డ లాగడం నేర్చుకోబోయి మూడు వేళ్ళు కాల్చుకున్నాను. ఊరంతా నవ్వింది. ఇంత హుషారుగా నేనెన్నడూ బతకలేదు.

ఎనభై ఎనిమిదో రోజు పొద్దున్న అక్క పొయ్యి వెలిగించింది. మొదటి గుడ్డ ముంచుతుండగా టప్‌మని చిన్న చప్పుడైంది. కుండ నడినెత్తి నుంచి కింది దాకా గీత పడింది. మంట ఆ గీతలోంచి కనిపించింది.

నేను పెద్దగా ఏడ్చేశాను. అక్క ఏడవలేదు. వేడి కుండ మీదే అరచెయ్యి పెట్టి, తీసి, “తొమ్మిదేళ్ళు నడిచింది. ఇంకెంతని కాస్తది మనల్ని?” అంది. లేచి మొహం కడుక్కుని, వీధి అరుగు మీద ముద్ద కుండ ముందు కూర్చుంది. ఆ రోజు మా అక్క తీసినవి సరిగ్గా మూడు వందలు. మధ్యాహ్నం అన్నం తినలేదు.

కబురు ఊరంతా పాకింది, కాకినాడ దాకా పాకింది. సాయంత్రం అయిదు కాకముందే కమిషనర్ గారి ఫోను. “ఎంతొచ్చింది?”

“లెక్కపెడుతున్నాం సార్.”

ఇమ్మానుయేలు గారు కట్టలు పేరుస్తుంటే నేను లెక్కపెట్టాను. వందేసి రేకుల కట్టలు. నూట ఎనభై నాలుగు. నూట ఎనభై అయిదు. నూట ఎనభై ఆరు. బల్ల ఖాళీ అయిపోయింది. పద్దెనిమిది వేల ఆరు వందలు. మళ్ళీ లెక్కపెట్టాను, అంతే. నా జీవితమంతా కోరుకున్న సున్నా నా కళ్ళ ముందుంది. ఫోను చెవి దగ్గర్నుంచి దించేశాను. ఇమ్మానుయేలు గారు బల్ల కింద కూడా వంగి చూశారు.

అప్పుడొచ్చింది రాఘవమ్మ పిన్ని, చెంగులో ఏదో జాగ్రత్తగా పట్టుకుని. పొగకి కళ్ళు ఎర్రబడ్డాయి. చెయ్యి నిండా మసి.

“పుణ్యం కుండ పగిలిందని తెలిసి ఒళ్ళు మండిపోయిందమ్మాయ్. ఇయ్యాల ఆ ముద్ద కుండ ముట్టుకోలేదు. అన్నీ మట్టి కుండ మీదే లాగాను. దీనికి కుడి పక్క వేడెక్కువ, ఇయ్యాలే తెలిసింది.” చెంగు విప్పింది. లోపల రేకులు, అక్క తీసేవాటికంటే మందం, అంచులు అక్కడక్కడా చిరిగాయి. “మూడు కట్టలు ఇందాకే పంపాను. ఇయ్యి కట్టకి చాల్లేదని తేలేదు. తొమ్మిదే ఉన్నయ్యి. ఇయ్యి కూడా లెక్కలోకి వస్తాయా?”

ఇమ్మానుయేలు గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. నేను ఆ తొమ్మిదింటినీ ఒక్కొక్కటే ఎత్తి, ఖాళీ బల్ల మీద పరిచాను. ఫోన్లో కమిషనర్ గారు “హలో, హలో” అంటున్నారు.

“రాసుకోండి సార్” అన్నాను. “ఈ రోజు మిగులు తొమ్మిది.”